కొంగల అంతిమయాత్ర

బేస్‌బాల్ సీజనులో మొదటి ఆట రోజు పొద్దున్నే వెండెల్ క్రూపా నిద్రలేచి, గడ్డం గీసుకుని, కాఫీ తాగి, శవపేటికకి మేకులు కొట్టడం మొదలుపెట్టాడు.

అతని కార్యక్రమం చాలా సాదాగా ఉంది. పెట్టెని ట్రక్కులో ఎక్కించాలి. స్టేడియం పెద్ద గేటు ముందు దించాలి. లోపలికి వెళ్ళే జనం చూసి పడీపడీ నవ్వాలి. జట్టు యజమాని స్టాక్‌టన్ వేల్ సిగ్గుతో తల వంచుకోవాలి. ఆ తర్వాత ఇంటికి వచ్చి వేడిగా సూపు తాగి పడుకోవాలి.

ఒహాయోలో బ్రాడిక్ ఊరి జట్టు పేరు హెరన్స్, అంటే కొంగలు. ఒకప్పుడు ఊరివాళ్ళు ముద్దుగా కొంగలు అనే పిలిచేవారు. కాలక్రమేణా ముద్దు పోయి కొంగలు మిగిలాయి. పోయినేడు ఆఖరి స్థానం. అంతకు ముందేడూ అదే. ఆఖరి స్థానం కింద మరో స్థానం లేదు గనక అక్కడ ఆగారు గానీ, లేకపోతే ఆగే రకం కాదని వెండెల్ అభిప్రాయం. రొట్టెల బండి తోలే ఉద్యోగం నుంచి అతను ఎప్పుడో రిటైరయ్యాడు. కొంగల్ని తిట్టే ఉద్యోగం మాత్రం అంతకంతకూ పెరుగుతోంది.

పక్కన పీపా మీద కూర్చుని డోనట్ తింటున్నవాడు ఒటిస్ గ్రేడీ. సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి, వెండెల్‌కి చిన్ననాటి స్నేహితుడు. ఏటా ఏప్రిల్ రాగానే కొంగల మీద ఆశ చిగురించడం, జూన్‌కల్లా అది మాడిపోవడం అతనికి అలవాటు.

"ఈసారి అలా కాదురా," అన్నాడు ఒటిస్. "కొత్త పిచర్ లూబెక్ వచ్చాడుగా. ఫ్లోరిడాలో ప్రాక్టీసు ఆటలు చూసినవాళ్ళు చెప్పారు. వాడు విసిరితే బంతి కనపడదట."

"ఎలా కనపడుతుంది? అవతలివాడు కొట్టే దెబ్బకి ఊరవతల పడుంటుంది."

"లెఫ్ట్ ఫీల్డులో గార్విన్ ఒళ్ళు బాగా తగ్గించాడట."

"ఒళ్ళు తగ్గితే కొత్త చేతులు మొలుస్తాయేంట్రా? వాడి చేతికి బంతి, గుడ్డివాడికి అద్దం."

"పోనీ కొత్త మేనేజరు? నోరు తెరిస్తే క్రమశిక్షణ అంటున్నాడు."

"కొంగజపం! చేప దొరికేదాకా అందరూ క్రమశిక్షణగానే నిలబడతారు," అన్నాడు వెండెల్, మేకు మీద వేల్ తల ఉన్నట్టు ఊహించుకుని ఒక్కటిచ్చి. "ఆడటం వచ్చిన షార్ట్‌స్టాప్ ఆటగాడు ఒక్కడుండేవాడు. వాణ్ణీ అమ్ముకు తిన్నాడు ఆ వేల్. నాకే గనక వాడు ఎదురుపడితే ఉందిరా, మొహం మీద దులిపేస్తాను."

"అయితే బాగుపడే ఆశ ఏమీ లేదంటావు."

"ఆశకి కూడా సరిపడేలాగే చేశాన్రా పెట్టె. రెండూ పడతాయి."

పెట్టెలో ఉన్నది పెరట్లో అలంకారానికి పెట్టుకునే ప్లాస్టిక్ కొంగ. దానికి జట్టు చొక్కా తొడిగి, కాళ్ళు పైకి వచ్చేలా వెల్లకిలా పడుకోబెట్టాడు. మూత బిగించి, పైన జట్టు జెండా కప్పాడు. నాటకం రక్తి కట్టాలని ఇద్దరూ నల్ల సూట్లు కూడా వేసుకున్నారు.

ఇంట్లో ఇంకెవరూ లేరు. వెండెల్ భార్య లొరెయిన్ ఆసుపత్రి వంటింట్లో డ్యూటీకి వెళ్ళింది. అత్తగారు హెన్రియెటా బోజెక్ తెల్లవారుతూండగానే జట్టు టోపీ పెట్టుకుని, ఉడకబెట్టిన గుడ్లు సంచిలో వేసుకుని, మొదటి బస్సుకి స్టేడియానికి బయల్దేరింది. పెళ్ళికి ముందు నుంచీ ఆవిడ ఏ ఏడూ మొదటి ఆట తప్పలేదు. జట్టు ఎంత ఘోరంగా ఓడినా ఇంటికొచ్చి పల్లెత్తు మాట అనదు. పాపం అమాయకురాలు, మూఢభక్తి, అని వెండెల్ జాలిపడుతూ ఉంటాడు.

ఇద్దరూ పెట్టె మోసుకుని బయటికి వచ్చేసరికి పక్కింటి ఇడా ప్రూట్ గుమ్మం ముందు మిగిలిన మంచు ఊడుస్తోంది. ఆవిడకి హెన్రియెటా ప్రాణస్నేహితురాలు. నల్ల సూట్లు చూసింది. జట్టు జెండా కప్పిన పెట్టె చూసింది. చేతిలో చీపురు కిందపడింది.

"అయ్యో వెండెల్! పోయిందా?"

ఊళ్ళో అందరికీ జట్టు గురించే బెంగ కదా అనుకుని, "పోయిందండీ," అన్నాడు వెండెల్ తృప్తిగా.

"ఎప్పుడు?"

"నన్నడిగితే పోవలసింది పోయినేడే. ఏదో ఈడ్చుకుంటూ వచ్చాం."

"చాలా బాధపడిందా?"

"దానికేం బాధండీ? బాధంతా చూసేవాళ్ళది."

తల్లిలాంటి అత్తగారిని పట్టుకుని 'అది' అంటున్నాడంటే దుఃఖంతో మతి చలించిందనుకుంది ఇడా. గొంతు తగ్గించి, "లొరెయిన్‌కి తెలుసా?" అంది.

"ఇంకా చెప్పలేదు. సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే చెబుతాను. పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుంది."

ఇడా గుండె మీద చెయ్యేసుకుంది. "మరి ఇప్పుడు... చర్చికేనా?"

"చర్చి దేనికండీ దండగ? నేరుగా స్టేడియానికే. ఆ గేటు ముందు పడేసి వచ్చేస్తాం."

ఆ మాట వినేసరికి ఇడా కళ్ళ వెంట నీళ్ళు ధారకట్టాయి. "అవును నాయనా. అదే కోరుకుని ఉంటుంది," అంది. వెండెల్‌కి ఆ మాట అర్థం కాలేదు. కానీ తన పథకం చూసి ఒక మనిషి కదిలిపోయిందన్నది మాత్రం నచ్చింది. ట్రక్కు మలుపు తిరిగేలోపు ఇడా ఫోను దగ్గర ఉంది. ముందు పోలీసు సార్జెంటుగా ఉన్న చెల్లెలి కొడుక్కి చేసింది. తర్వాత చర్చి ఫాదరుకి, తర్వాత లొరెయిన్ పనిచేసే ఆసుపత్రికి. చివరికి పొద్దుటి నుంచీ కొంగల భవిష్యత్తు మీద ఊరివాళ్ళ అభిప్రాయాలు వినిపిస్తున్న రేడియోకి కూడా చేసింది.

రెండో సిగ్నలు దగ్గర పోలీసు కారు అడ్డం వచ్చింది. వెండెల్ బ్రేకు తొక్కాడు.

"అయిపోయాంరా ఒటిస్. యజమానిని అవమానిస్తున్నామని లోపలేస్తాడు."

సార్జెంటు దిగి, టోపీ తీసి చంకలో పెట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు. "మీరేమీ మాట్లాడకండి సార్. మా పెద్దమ్మ అంతా చెప్పింది. నా వెనకే రండి. దారి పొడుగునా ట్రాఫిక్ ఆపించాను."

కారు ముందు కదిలింది. వెండెల్ నోరు తెరుచుకుని స్నేహితుడి వైపు తిరిగాడు. "విన్నావా? పోలీసులు కూడా మనవైపే! ఊరంతా ఆ వేల్ మీద పళ్ళు నూరుతోందని నే చెప్పలేదూ?"

వెనక్కి చూస్తే ఒక కారు పట్టపగలు లైట్లు వేసుకుని వస్తోంది. దాని వెనక ఇంకొకటి. దాని వెనక ఫాదరు గారి కారు, చర్చి ఆడవాళ్ళ వ్యాను, ఎందుకో ఒక ఫైరింజను. పేవ్‌మెంట్ల మీద మగవాళ్ళు టోపీలు తీస్తున్నారు. ఒకావిడ గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది.

"ఉద్యమంరా ఇది!" అన్నాడు వెండెల్ ఛాతీ విరుచుకుని. "ఇన్నాళ్ళూ వీళ్ళకో నాయకుడు లేక ఆగారంతే."

నాయకుడి గురించి ఏమంటున్నారో వినాలని ఒటిస్ రేడియో పెట్టాడు.

"...కొంగల అతి పాత అభిమాని హెన్రియెటా బోజెక్ ఇక లేరు. ఆవిడ చివరి కోరిక తీర్చడానికి అల్లుడు వెండెల్ క్రూపా స్వయంగా చేసిన పేటికలో ఆవిడ భౌతికకాయాన్ని స్టేడియానికి తీసుకొస్తున్నారు. దారిలో ఉన్నవాళ్ళు దయచేసి..."

ఒటిస్ రేడియో కట్టేశాడు.

"బండాపి నిజం చెప్పేయ్‌రా," అన్నాడు ఒటిస్.

"ఎవడికి చెప్పను? ముందు పోలీసు, వెనక ఫాదరు. పెట్టెలో ఉన్నది ప్లాస్టిక్ కొంగ అని ఇప్పుడు చెబితే దాన్ని తీసేసి నన్ను పెడతారు."

ఇంతలో వెండెల్ జేబులో ఫోను మోగింది. లొరెయిన్. ఒకటే ఏడుపు. "అమ్మ పోయిందట! నాకు చెప్పకుండా ఊరేగిస్తున్నావట! నువ్వసలు మనిషివేనా?"

"పోలేదే బాబూ! స్టేడియంలో ఉంది!"

"స్టేడియంలో పోయిందా?"

"పోలేదంటుంటే! బతికే ఉంది! అక్కడ కూర్చుని గుడ్లు తింటూ ఉంటుంది."

"మరి పెట్టెలో ఎవరు?"

వెండెల్ చెప్పాడు. అవతల ఏడుపు ఆగింది. ఏడుపే నయమనిపించేంత నిశ్శబ్దం వచ్చింది. "సరే అయితే," అంది లొరెయిన్ చాలా మామూలుగా. "నేను ఏడవను. నువ్వు ఇంటికి రా, నువ్వు ఏడుద్దువుగాని."

స్టేడియం పెద్ద గేటు బార్లా తెరిచి ఉంది. దాని మధ్యలో నల్ల ఓవర్‌కోటు వేసుకుని, చేతులు చాచి, సాక్షాత్తూ స్టాక్‌టన్ వేల్ నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్ళుగా ఎదురుపడితే మొహం మీద దులిపేస్తానన్న మనిషి. వెండెల్ ట్రక్కు దిగాడో లేదో అమాంతం వాటేసుకున్నాడు.

"మీలాంటి కుటుంబాలే మా ప్రాణం, క్రూపా గారూ."

"హి... హి... మీ అభిమానం," అన్నాడు వెండెల్ కోటులోంచి. సరిగ్గా ఆ క్షణాన కెమెరాలు వాళ్ళిద్దరి మీద ఉన్నాయి. లోపల స్కోరుబోర్డు మీద వేల్ గుండెల్లో తలదాచుకున్న అల్లుణ్ణి ఊరంతా చూసింది.

ఆరుగురు ఆటగాళ్ళు వచ్చి పెట్టెని భుజాల మీదికి ఎత్తుకున్నారు. అది మరీ గాలిలో తేలిపోయేలా ఉండేసరికి వాళ్ళలో ఒకడు, "పాపం, చిక్కి శల్యమైపోయింది," అని కళ్ళు తుడుచుకున్నాడు. పచ్చిక మధ్యలో పెట్టెని దించారు. జనమంతా లేచి టోపీలు తీశారు. వేల్ ఒక చెయ్యి వెండెల్ భుజం మీద వేసి, రెండో చేత్తో మైకు అందుకున్నాడు.

"మిత్రులారా! గెలుపైనా ఓటమైనా ఈ తల్లి మనతోనే ఉంది. జీవితంలో ఒక్కసారి కూడా ఈ జట్టుని ఒక్క మాట అనలేదు."

"ఎవడు చెప్పాడు?" అంది మూడో బేసు వైపు సీట్ల నుంచి ఒక ముసలి గొంతు.

హెన్రియెటా అంతసేపూ టోపీ తీసి, పోయినదెవరో తెలియకపోయినా మర్యాదగా తలవంచుకుని నిలబడింది. తలెత్తి చూస్తే స్కోరుబోర్డు మీద తన ఫోటోయే కనిపించింది. చేతిలో గుడ్డు పక్కావిడకి ఇచ్చి, మెట్లు దిగి, చిన్న గేటు తోసుకుని మైదానంలోకి నడిచి వచ్చింది. చచ్చిన మనిషిని ఆపవచ్చో లేదో కాపలావాళ్ళకి ఎవరూ చెప్పలేదు. సార్జెంటు రెండడుగులు వెనక్కి వేశాడు. ఆవిడ వేల్ చేతిలోంచి మైకు లాక్కుంది.

"ముందుగా, నేను బతికే ఉన్నాను. చచ్చింది మీ జట్టు."

స్టేడియంలో లేచిన హోరుకి పావురాలు ఎగిరిపోయాయి.

"నేను మాట్లాడకపోతే భక్తి అనుకున్నారా? మా ఇంట్లో మా అల్లుడి నోరు ఖాళీగా ఉంటే కదా నాకు సందు దొరికేది! ఆడేవాణ్ణి అమ్ముతావు, ఆడలేనివాణ్ణి కొంటావు. ఆ గార్విన్ ఏమిటయ్యా, బంతి వస్తుంటే అప్పులవాడు వస్తున్నట్టు తప్పుకుంటాడు? నా వయసుకి నేను వంగి పట్టుకుంటాను. ఏటేటా కొత్త టోపీ అమ్మడం తప్ప నువ్వు చేసిందేమిటి?"

ఒక్కో మాటకీ జనం కాళ్ళతో బల్లలు అదరగొట్టారు. వేల్ మొహం పాలిపోయింది. వెండెల్ కలలో వెయ్యిసార్లు చూసిన దృశ్యం అది. ఒక్కటే తేడా, కలలో మైకు అతని చేతిలో ఉండేది.

"సరే, నేనిక్కడుంటే అందులో ఎవరున్నారు?" అంది హెన్రియెటా.

పెట్టె వెంటే వచ్చిన ఒటిస్ జెండా తొలగించి మూత తీశాడు. కెమెరా వంగి చూసింది. చొక్కా తొడుక్కుని, కాళ్ళు ఆకాశంవైపు చాచిన కొంగ స్కోరుబోర్డు నిండా కనిపించింది. హెన్రియెటా దాన్ని చూసి, అల్లుణ్ణి చూసి, జీవితంలో మొదటిసారి అతన్ని మెచ్చుకున్నట్టు తలాడించింది. మైకు అతని చేతికిచ్చింది.

"బాగా చేశావయ్యా. ఇంట్లో రోజూ అనేది ఇక్కడ అను. ఇదిగో, మనిషి ఎదురుగానే ఉన్నాడు."

వేల్ చెయ్యి ఇంకా వెండెల్ భుజం మీదే ఉంది, కాస్త బరువుగా. వెండెల్ గొంతు సవరించుకున్నాడు. ఏళ్ళ తరబడి పోగుచేసుకున్న తిట్లన్నీ నాలుక చివరికి వచ్చి, బయట జనాన్ని చూసి వెనక్కి పరిగెత్తాయి.

"ఇది... అంటే... కొంగ విశ్రాంతి తీసుకుంటోంది," అన్నాడు. "జట్టుకి మా ఇంటి కానుక. శుభాకాంక్షలు."

మూడో బేసు వైపు నుంచి మొదలైన వెక్కిరింతలు స్టేడియం చుట్టూ తిరిగి వచ్చాయి. వేల్ ముఖంలోకి మాత్రం మళ్ళీ నెత్తురు వచ్చింది. ఆ మైదానంలో తన పక్షాన ఉన్న ఒకే ఒక్క మనిషిని గట్టిగా పట్టుకుని, నేరుగా పైనున్న తన గాజుగదిలోకి తీసుకెళ్ళి, పక్క కుర్చీలో కూర్చోబెట్టుకున్నాడు. కింద జనం హెన్రియెటాని భుజాల మీద ఎత్తుకుని ఆవిడ సీటు దాకా మోశారు. ఒటిస్ పక్కనే కూర్చుని గుడ్లు ఒలిచి పెట్టాడు.

కొంగలు పదకొండు సున్నాతో ఓడిపోయాయి. కెమెరా గాజుగది వైపు తిరిగినప్పుడల్లా వెండెల్ చప్పట్లు కొట్టాడు.