వరహాలమ్మ మీసం

ఆ ఊరి పెద్దాసుపత్రిలో గుండె యంత్రానికి మీసం లేని మనిషి గుండె కనపడదు. ఇందులో దాపరికమేమీ లేదు. చెప్పులు బయట విడవాలన్న బోర్డు కిందే ఆ సంగతీ రాసిపెట్టారు. తయారుచేసినప్పుడు మీసాలవాళ్లనే పడుకోబెట్టి దానికి పాఠం చెప్పారట. పాపం, నేర్చుకున్నది ఈనాటికీ మరిచిపోలేదు. రోజూ గడ్డం గీసుకునే మగవాళ్లకు మూతి మీద మిగిలే ఆ కాస్త నలుపే సరిపోతుంది. ఆడవాళ్లను పడుకోబెడితే మాత్రం గ్యాస్ అని చీటీ ఇస్తుంది. మరీ బతిమాలితే టెన్షన్ అంటుంది.

వరహాలమ్మకు అలా రెండుసార్లు గ్యాస్ వచ్చింది. ఆవిడ పెళ్లిళ్లకు వంట చేస్తుంది. గుండిగ దించుతుంటే దవడ లాగేది, వీపు మధ్య ఎవరో రోకలి ఆనించి నొక్కినట్టుండేది, నాలుగు మెట్లెక్కితే ఒళ్లంతా చెమట. యంత్రమంతటిది గ్యాస్ అన్నాక కాదనడానికి తానెంత అనుకుని వాము నమిలింది. ఎదురింటి సన్యాసమ్మ కిందటేడు అదే గ్యాస్‌తో పోయింది. కాగితంలో కూడా అలాగే రాశారు.

ఓ రోజు ఇంట్లో పులిహోర కలుపుతూ వరహాలమ్మ కూలబడిపోయేసరికి భర్త ఎర్నాయుడు ఆవిడను గోడకు ఆనించి కూర్చోబెట్టాడు. ఆయన పద్యనాటకాల్లో దుర్యోధనుడు. వేషం కడితే పందిరి దద్దరిల్లుతుంది. వేషం తీస్తే ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియదు. ఆటో పిలిచి, ట్రంకుపెట్టెలోంచి రారాజు మీసం తీసి జిగురు రాశాడు.

"ఏటయ్యా ఇది, నలుగురూ నవ్వరా?" అంది ఆవిడ, నొప్పిలోనే.

"నవ్వితే నవ్వనీ. నువ్వు నేకపోతే నాను బతకనేను. మూతి కదపకు."

ఎవరూ నవ్వలేదు. వరసలో ఉన్న ఆడవాళ్లందరూ మీసాలతోనే వచ్చారు. ఒకావిడ కాటుకతో దిద్దుకొచ్చింది. చెమటకు సగం చెరిగిపోవడంతో యంత్రం సగం గుండె మాత్రమే చూపించి, మిగతా సగం గ్యాస్ అంది. వరహాలమ్మ మీసం చూడగానే మాత్రం యంత్రం కెవ్వుమంది. గుండెపోటు, రక్తనాళం మూసుకుపోయింది, పరిగెత్తండి అంది. అందరూ పరిగెత్తారు. పొద్దు వాలేలోగా స్టెంట్ పడింది, ప్రాణం నిలిచింది.

"సమయానికి మంచి మీసంతో తీసుకొచ్చారు. ఇంకాస్త పల్చనిదైతే మేమూ గ్యాసనే రాసేవాళ్లం," అని డాక్టరు ఎర్నాయుడి భుజం తట్టాడు.

ఆ యంత్రానికే మళ్లీ పాఠం చెప్పించకూడదా అని ఎర్నాయుడు అడిగాడు. దానికి పైనుంచి ఉత్తర్వులు రావాలనీ, మీసానికైతే జిగురు చాలనీ డాక్టరు ఓపిగ్గా వివరించాడు. నిజమే కదా అనిపించింది ఎర్నాయుడికి.

ఇంటికొచ్చాక కూడా వరహాలమ్మ మీసం తీయలేదు. తీయబుద్ధి కాలేదు. కాఫీ ముందు ఆవిడకే వస్తోంది. ఇదివరకు నీరసంగా ఉందంటే ఇంకో రెండట్లు పోసి పడుకోమనేవాళ్లు. ఇప్పుడు పడుకోమని దుప్పటి కప్పుతున్నారు. వీధి ఆడవాళ్లంతా మీసాలు పెట్టుకొచ్చి ఆవిడ మంచం చుట్టూ చేరితే ఇల్లంతా నవ్వులే. నవ్వీ నవ్వీ వరహాలమ్మ మీసం ఓ పక్క వేలాడితే, ఎర్నాయుడు జిగురుతో పరిగెత్తుకొచ్చాడు. తర్వాతి నాటకంలో బోడిమూతితోనే ఎక్కాడు. మీసమేదని జనం కేకలేస్తే, ఇంటి దగ్గర మా ఆవిడను కాస్తోందని చెప్పాడు. చప్పట్లు మోగిపోయాయి. ఆయనకు ఏ పద్యానికీ అంత సంతోషం కలగలేదు.

ఆ ఏడే వాళ్ల కూతురికి అదే ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. టీకాల కార్డుతో పాటు నర్సు చిన్న పొట్లం చేతిలో పెట్టింది. అందులో గోరంత మీసం ఉంది. వరహాలమ్మ దాన్ని జాగ్రత్తగా పాప పెదవి మీద అంటించింది. అచ్చం తాత పోలికేనని అందరూ మురిసిపోయారు. పాప తుమ్మింది. మీసం ఊడి పొత్తిళ్లలో పడింది.

"ఇప్పట్నుంచే అలవాటు సేసేత్తే సరి," అని వరహాలమ్మ జిగురు సీసా మూత తీసింది.