స్టేలో ఉన్న ఓటమి

ముప్పై ఏళ్ళ కిందట వీరభద్రుడి జాతరలో గెలిచిన కుస్తీని ఓదెలు పహిల్వాన్ మొన్న శ్రావణంలో ఒక మంగళవారం పొద్దున, వాకిట్లో పళ్ళు తోముకుంటూ, ఓడిపోవడం మొదలుపెట్టాడు. ముందు నడుము చుట్టూ ఎవరివో చేతులు బిగిసినట్టయింది. తర్వాత కాళ్ళు నేలను వదిలాయి. చేతిలోని చెంబు దొర్లిపోయింది. గేటు దగ్గర పాలు పోయించుకుంటున్న ఆయన భార్య కనకవ్వ వెనక్కి తిరిగి చూసి, "గెజిటు వచ్చినట్టున్నది," అంది.

వచ్చింది. రాష్ట్ర మల్ల, ముష్టి క్రీడల నియంత్రణ మండలి పాత ఫలితాల సవరణ చేపట్టి అప్పటికి కొన్నేళ్ళవుతోంది. వెనకటికి జాతరల్లో, తాలీం గోదాల్లో, రైల్వే మైదానాల్లో ఎవరికి చేతనైనట్టు వాళ్ళు గెలిచేసేవాళ్ళు. ఏ గెలుపుకూ అనుమతి ఉండేది కాదు, ఏ ఓటమికీ రసీదు ఉండేది కాదు. ఆ అరాచకాన్ని చక్కదిద్దడానికి మండలి పాత పోటీలను తిరగదోడి, రావలసి ఉండిన ఫలితాన్ని నిర్ణయించి, గెజిట్‌లో అచ్చు వేయిస్తుంది. అచ్చయినప్పటి నుంచి సంబంధిత శరీరాలు దానికి కట్టుబడి ఉంటాయి. చట్టంలో ఈ వాక్యం చదివి మొదట్లో కొందరు నవ్వారు. తర్వాత పక్క వీధి దానియేలు, కుర్రతనంలో రైల్వే తరఫున బాక్సింగ్ ఆడిన రిటైర్డ్ గార్డు, ఒక పెళ్ళి భోజనంలో దవడ పక్కకు తిరిగి, ముందు పళ్ళు విస్తట్లో రాల్చుకుని వెల్లకిలా పడిపోయాడు. పక్కనున్నవాళ్ళు ఆయన విస్తరి కాస్త జరిపి పప్పు పోయించుకున్నారు. సవరించిన రికార్డు ప్రకారం అది మూడో రౌండులో నాకౌట్.

ఓదెలు కేసు మరీ సాధారణమైంది. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టిన ఓదెలు ఆనాడు ఊరి పటేలు కొడుకు నర్సింగరావును భుజానికెత్తి, తడిబట్టను బండకేసి కొట్టినట్టు ఎర్రమట్టిలో వీపు మీద వేశాడు. జాతర పెద్దలు ఓదెలు చేతికి వెండి కడెం తొడిగారు. ఆ గెలుపు పేరు మీదే ఆయన తాలీం పెట్టాడు, కనకవ్వను చేసుకున్నాడు. ఒక్కగానొక్క కూతురు స్రవంతి ఆ కథ వింటూనే పెరిగి, కుస్తీ కాక బాక్సింగ్ పట్టింది. ఇప్పుడు నర్సింగరావు కొడుకు జిల్లా పరిషత్తు చైర్మన్ అయ్యాడు. ఫలితం మార్చింది అందుకేనని మండలి ఎక్కడా రాయలేదు. "ప్రజాహితం దృష్ట్యా" అని రాసింది.

నియమం ఏమిటంటే, గెజిట్ అచ్చయితే ఓటమి మొదలవుతుంది; దాని ప్రతి ఇన్‌స్పెక్టర్ తెచ్చి చేతిలో పెడితే పూర్తవుతుంది. ఈలోపు స్రవంతి ఊరుకోలేదు. తండ్రి తలకిందులవుతూ నెమ్మదిగా దిగుతుంటే చూసి, తాలీంలో కుస్తీ నేర్చుకుని వకీలైన ఒకాయనను పట్టుకుని కోర్టుకు పరిగెత్తింది. ఫలితాల ఇన్‌స్పెక్టర్ వేణుమాధవ్ స్కూటర్ స్టాండు వేసేసరికి స్టే వచ్చేసింది. ఓదెలు నేలకు మూరెడు ఎత్తున, ఒక కాలు పైకి, ఒక భుజం కిందికి, అలాగే ఆగిపోయాడు.

స్టేలో ఉన్న మనిషిని కిందికీ పైకీ కదల్చకూడదు గానీ పక్కకు నెట్టవచ్చు. వాన పడేలా ఉందని ఇరుగుపొరుగు వచ్చి ఆయన్ని నీళ్ళ మీది తెప్పలా నెట్టుకుంటూ ముందుగదిలోకి చేర్చారు. గుమ్మం దగ్గర పైకి లేచిన కాలు ఇరుక్కుంటే తలుపు రెక్క ఊడదీశారు. ఆ రోజు నుంచి కనకవ్వ ఆయనకు గంజీ, పప్పన్నమూ చెంచాతో పెట్టేది. పొద్దున్నే ఆయన కింద చీపురుతో ఊడ్చేది. దిండు పెట్టబోతే వకీలు వద్దన్నాడు, వీపుకు ఏదైనా తగిలితే కోర్టు ధిక్కారమవుతుందని. వేణుమాధవ్ వారం వారం వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక పోస్టుకార్డును ఓదెలు వీపు కిందుగా ఈ చివర నుంచి ఆ చివరికి పోనిచ్చి, ఎక్కడా తగలలేదని నిర్ధారించుకునేవాడు. తర్వాత టీ తాగేవాడు.

"మీరు చాలా సహకరిస్తున్నారు," అనేవాడు వెళ్ళేముందు. "అవతల వీధిలో ఒకాయన ఒకటే మూలుగుతాడు."

విచారణ మొదలైంది. ఆనాటి జాతర చూసిన ముసలాయన ఒకడు బోనెక్కి, ఓదెలే గెలిచాడు, నా కళ్ళతో చూశానని చెప్పాడు. మండలి వకీలు ఆయన్ని ఒకటే అడిగాడు: చూడడానికి అనుమతి తీసుకున్నారా? ఆ కాలంలో చూపుకు అనుమతి అడిగేవాళ్ళు కాదని ముసలాయన అన్నాడు. అయితే అది అనధికారిక చూపు అని రాసుకుని, ఆయన్ని దిగిపొమ్మన్నారు. మెట్లు దిగుతున్నప్పుడు ఆయనకు మసక కమ్మింది. కోడలు చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. మరునాటి సాక్షులిద్దరూ తాము ఆ ఏడు జాతరకే పోలేదని చెప్పి, చూపు నిలబెట్టుకున్నారు.

ఒక సాయంత్రం నర్సింగరావు స్వయంగా వచ్చాడు. ఎప్పుడూ పట్టుకు నడిచే చేతికర్ర లేదు. కుర్చీ వేస్తే కూర్చోకుండా, గాల్లో ఉన్న ఓదెలు ముఖానికి సరిగ్గా ఎదురయ్యేలా నేలమీద బాసింపట్టు వేసుకున్నాడు. అరవై దాటిన మనిషి అంత సులువుగా కూర్చోవడం చూసి కనకవ్వ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఓదెలూ, నువ్వే గెలిచినవ్. నాకు యాదికున్నది," అన్నాడు నర్సింగరావు.

"గీ మాట కోర్టుల చెప్పు పటేలా."

"చెప్దామనే అనుకున్న. కానీ గెజిటు వచ్చిన నాటి నుంచి నా మోకాళ్ళు మంచిగైనయ్. మెట్లెక్కుతున్న. రాత్రి నిద్ర పడుతున్నది. ముప్పై ఏండ్లు ఆ జాతర కల వచ్చేది నాకు. ఇప్పుడు వస్తలేదు." ఆయన కాసేపు తన మోకాళ్ళనే చూసుకున్నాడు. "నిజం చెప్తే మళ్ళ కర్ర పట్టాలె. ఈ వయసుల."

ఈ మనిషిని ఒకప్పుడు ఎత్తిన ఓదెలు భుజం కిందికి వేలాడుతూ తిమ్మిరెక్కి ఉంది. కోపం తెచ్చుకుందామని చూశాడు గానీ, తలకిందులుగా ఉన్నవాడికి కోపం నిలవదు, అంతా తలలోకి దిగి నొప్పిగా మారుతుంది.

"పోయిరా పటేలా," అన్నాడు చివరికి. "ఛాయ్ తాగి పో."

నర్సింగరావు ఛాయ్ తాగాడు. పోతూ పోతూ గడపను ఒక్క అంగలో దాటాడు.

తర్వాతి నెలలో స్రవంతి రాష్ట్ర పోటీలకు ఎంపికైంది. లైసెన్సు కోసం మండలి ఆఫీసుకు పోతే, వివాదంలో ఉన్న ఫలితానికి వారసురాలు కాబట్టి ఇవ్వడం కుదరదన్నారు. ఇంకొకటి కూడా చెప్పారు, మంచి కోరే చెప్పారు. స్టే నడుస్తుండగా పెద్దాయనకు ఏమైనా అయితే ఆ ఓటమి చట్టప్రకారం ఆమెకు వస్తుంది. ఇల్లు, పొలం వచ్చినట్టే. ఎప్పుడు, ఎక్కడ అని అడగడానికి వీల్లేదు. రింగులో రావచ్చు, బస్సు ఎక్కుతుంటే రావచ్చు, ఎవరినైనా చేసుకుని కడుపుతో ఉన్నప్పుడు రావచ్చు.

ఆమె ఇంటికొచ్చి ఈ రెండో సంగతి దాచింది. అయినా వేణుమాధవ్ పోస్టుకార్డు పోనిస్తూ మాటల మధ్యలో ఓదెలుకు చెప్పేశాడు.

"అప్పీలు వాపస్ తీసుకుంట," అన్నాడు ఓదెలు.

"నువ్వు తీసుకుంటే నేను ఆడనే ఆడ," అంది స్రవంతి. "బాపూ, నువ్వు గెలిచినవని చెప్పుకుంటనే పెరిగిన. బళ్ళ, గల్లీల, అందరితోని. నువ్వు ఓడినవంటే నేనెవర్ని మరి?"

"నేను గెలిచిన్నే బిడ్డా. గా పటేలు ఎంత బరువున్నడో ఈ భుజానికి ఎరుకే. కాగితం రాస్తే భుజం మర్చిపోతదా?"

"మరి ఎందుకు వాపసు?"

"నువ్వు ఎట్ల ఆడుతవో నేను నిలబడి చూడాలె గదనే. గిట్ల తలకిందులుగ చూస్తే నువ్వు ఎవర్ని కొట్టినా నాకు నువ్వే కిందవడ్డట్టు కనవడుతది."

ఆమె ఏడ్చింది. చేతిగుడ్డలు చుట్టని పిడికిలితో గోడ మీద రెండు దెబ్బలు వేసింది, వేళ్ళు చిట్లాయి. కనకవ్వ పసుపు తెచ్చి కట్టు కట్టింది. తర్వాత భర్త వైపు తిరిగి, "పడేటప్పుడు తల ముందుకు వంచుకో. మెడకు దెబ్బ తాకద్దు," అంది.

వాపసు కాగితం మీద ఓదెలు వేలిముద్ర వేశాడు, ఆ భంగిమలో సంతకం కుదరక. వేణుమాధవ్ గెజిట్ ప్రతిని ఆయన అరచేతిలో పెట్టి పక్కకు జరిగాడు. గదిలో ఎవరూ లేని చోట నుంచి ఎవరో విసిరికొట్టినట్టు ఓదెలు నేలకు తగిలాడు. అటకమీద గిన్నెలు కదిలాయి. ఇన్‌స్పెక్టర్ వంగి, రెండు భుజాలూ నేలకు అంటాయో లేదో చూసి, "చిత్," అన్నాడు. ఓదెలు మణికట్టు మీది వెండి కడెం అప్పటికే లేదు. అది ఆ సమయానికి చైర్మన్ గారింట్లో నర్సింగరావు చేతిని పట్టి బిగిసిందనీ, ఆ మణికట్టు లావు కాబట్టి రక్తం ఆడక చెయ్యి నీలంగా మారిందనీ, అయినా ఆయన తీయించుకోనన్నాడనీ తర్వాత తెలిసింది.

స్రవంతి తండ్రిని లేపి కూర్చోబెట్టింది. నెలల తర్వాత నిటారుగా కూర్చున్న మనిషి కాసేపు గదంతా కొత్తగా చూశాడు. "పటేలు మంచి బలమైనోడు," అన్నాడు. "ఎత్తిండంటే ఎత్తిండే. నా తరం కాలేదు."

"బాపూ, ఎవరు ఎవర్ని ఎత్తిన్రు?"

ఓదెలు కుడి భుజం పట్టుకుని నొక్కి చూసుకున్నాడు. అక్కడ ఏదో దొరుకుతుందన్నట్టు కొంచెంసేపు వెతికాడు. ఆ భుజం పక్కింటివాళ్ళ గడ్డపారలా పరాయిదై, ఆయనకేమీ చెప్పలేదు. ఆయన కూతురి ముఖం చూసి నవ్వి, "ఎప్పటి ముచ్చటో. ఇప్పుడెందుకు, నీ పని చూడు," అన్నాడు. స్రవంతికి ఆ రోజే లైసెన్సు ఇచ్చారు. మండలి పనితీరు మెరుగైందని పత్రికల్లో వచ్చింది.

రాష్ట్ర పోటీలకు ఓదెలు నడిచే పోయి, ముందు వరసలో నిలబడి చూశాడు. స్రవంతి బాగా ఆడింది. మొదటి రౌండులో దెబ్బలు తిన్నది, రెండో రౌండులో కాచుకుంది. మూడో రౌండులో అవతలి పిల్లను తాళ్ళకు అదిమి, ఎడమ చేతితో అన్నీ తేల్చేసింది. జనం లేచి నిలబడ్డారు. రెఫరీ ఆమె చేతిని పట్టుకుని భుజం ఎత్తు వరకు లేపి ఆపాడు. అంతకుమించి లేపడానికి ఉత్తర్వులు రాలేదని చెవిలో చెప్పాడు. కింద దిగగానే ఒక గుమాస్తా, ఫలితం ముందుముందు సవరణకు లోబడి ఉంటుందన్న కాగితం చూపించి సంతకం పెట్టమన్నాడు. వెనక గెలిచినవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు, తొందర పెడుతున్నారు. ఆమె చదవకుండా పెట్టేసింది.

వాళ్ళు ఇల్లు చేరేసరికి కనకవ్వ మటన్ వండి ఉంచింది. పక్కింటి సుగుణమ్మ కూడా వచ్చి కూర్చుని ఉంది.

"గెలిచినవా పిల్లా?" అని అడిగింది సుగుణమ్మ.

"ఇప్పటికైతే గెలిచిన పెద్దమ్మా," అంది స్రవంతి, చేతులు కడుక్కుంటూ.

"అంతే చాలు," అంది సుగుణమ్మ. "మాదీ అంతే. మా చెలక భూమి పట్టా కొత్త కంప్యూటర్లెక్కిచ్చిన్రట, మొన్న పొయి అడిగితే ఇప్పటికైతే మీ పేరు మీదనే ఉన్నది పొమ్మన్నరు. మా ఆయన సంబురపడి మిఠాయి తెచ్చిండు."

కనకవ్వ అందరికీ అన్నం వడ్డించింది. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగింది. సరిపోయిందన్నారు.