సత్యవతి అనకూడని మాట

బరంపురం కొత్త ఒరిస్సా రాష్ట్రంలో చేరిన తరవాత మా తెలుగువాళ్ళకు ఉద్యోగాల కొరత వచ్చిందేమోగాని, పిచ్చికి మాత్రం ఏ లోటూ రాలేదు. గేట్ బజారులో చీర ధర చెప్తే కొట్టువాడికి పిచ్చి. తగ్గించమంటే కొనేవాడికి పిచ్చి. ఎండ పిచ్చిది, పెరట్లో మొక్కలు పిచ్చివి, మనవల మీది ప్రేమ పిచ్చిది. ఈ రాష్ట్రం అడిగినవాళ్ళకు పిచ్చి అని మేమూ, వద్దన్నందుకు మాకే పిచ్చి అని ఒడియా మిత్రులూ రెండు భాషల్లోనూ సామరస్యంగా చెప్పుకొనేవాళ్ళం.

ఈ మాటను అందరికంటే ఉదారంగా పంచిపెట్టినవారు మా లంజిపల్లి పేటలో కాపురముండే విశ్రాంత హెడ్మాస్టరు జానకీరామయ్యగారు. వారి పాత శిష్యుల్లో ఆ బిరుదు పొందనివాళ్ళు బహు తక్కువ. భార్య మాణిక్యాంబగారు. కొడుకు కూర్మారావు కోర్టు గుమాస్తా. కోడలు సత్యవతి పురుషోత్తంపూర్ పిల్ల.

సత్యవతికి మగపిల్లవాడు పుట్టాడు. బారసాల ఘనంగా జరిగింది. ఆ తరవాత ఆమెకు నిద్ర పట్టడం మానేసింది. పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తున్నా గోడకేసి చూస్తూ కూర్చునేది. ఒకనాడు వంటింట్లోకి వచ్చి చెప్పింది.

"అత్తయ్యా, నాకు పిచ్చెక్కుతున్నట్టుందండి."

"ఎవరికెక్కలేదే? ఈ తడికట్టెల పొగతో నాకు పొద్దున్నే ఎక్కింది" అన్నారు మాణిక్యాంబగారు, ఎంతో సానుభూతితో.

మామగారికి చెప్పింది. "పిల్లడి మీద పిచ్చి లేని తల్లి ఎక్కడుంటుందమ్మా? శుభం!" అని ఆయన ఆశీర్వదించారు.

చివరికి భర్తకు చెప్పింది. "నూతిలోంచి ఎవరో పిలుస్తున్నారండీ. పిచ్చెత్తిపోతోంది."

కూర్మారావు చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నవాడల్లా ఆగాడు. "ఎవరు? ఏటని పిలుస్తన్నారు?" అని అడిగాడు. ఆ ఇంట్లో ఆ మాటకు ఎదురుప్రశ్న వేసినవాడు అతనొక్కడే. ఆమె నోరు తెరిచేలోగా తండ్రిగారు వీధి అరుగు మీంచి కేకేశారు. అతను వెళ్ళాడు.

మర్నాడు సత్యవతి పిల్లవాడిని చంకనేసుకుని నూతి గట్టెక్కింది. పక్కింటి వరహాలమ్మ చూసి, పరుగున వచ్చి జుట్టు పట్టి వెనక్కి లాగింది కాబట్టి ఇద్దరూ బతికారు.

అప్పుడు మా పేటలో ఒక వింత జరిగింది. పిచ్చి మాయమైపోయింది. మాణిక్యాంబగారు వాతం అన్నారు. చుట్టాలు గాలి సోకిందన్నారు. జానకీరామయ్యగారు పిత్తోద్రేకజనితమైన అస్వస్థత అన్నారు.

"పిచ్చే, నాన్నా. మూడుసార్లు తనే సెప్పింది. మనవే ఇనలేదు" అన్నాడు కూర్మారావు. అంటూ ఏడ్చాడు.

"ఒరే! మన వంశంలో ఆ మాట లేదు!" అని గర్జించారు తండ్రిగారు.

కూర్మారావు బండి పిలిచి, భార్యను రైలెక్కించి, దక్షిణాదిన ఉన్న పిచ్చాసుపత్రికి తీసుకుపోయాడు. కోడలు గోపాలపురం సముద్రపు గాలికి వెళ్ళిందని మామగారు ప్రకటించారు. ఊరంతా నమ్మినట్టు నటించి మర్యాద కాపాడుకుంది.

వానలు పడే నాటికి సత్యవతి నయమై తిరిగొచ్చింది. నిద్రపడుతోంది. అన్నం సహిస్తోంది. పిల్లవాడికి బోర్లాపడడం వచ్చేసిందని చూసి, ఆ ముచ్చట తనకు దక్కనందుకు కాసేపు ఏడ్చి, తరవాత నవ్వింది.

జానకీరామయ్యగారు ఇరుగుపొరుగును అరుగు మీదికి పిలిపించి ఉపన్యసించారు. "సోదర సోదరీమణులారా! మా కోడలి సమక్షమున ఆ ద్వ్యక్షర పదము నిషిద్ధము. పిచ్చిమొక్కలను అనామక మొక్కలనియు, పిచ్చుకను, ఎందుకైనా మంచిది, చిన్నపిట్ట అనియు వ్యవహరింపవలెను." చప్పట్లు మోగాయి. పేట మొత్తం శాయశక్తులా పాటించింది. కోపమొచ్చిన ఆడవాళ్ళు మాట దొరక్క మొగుళ్ళకేసి ఊరికే చూసేవారు. సత్యవతి పిల్లవాడిని ఎత్తుకుంటే మాత్రం ఎవరో ఒకరు కాపలా ఉండేవారు. అదంతా ప్రేమే.

ఒక సాయంకాలం అరుగు మీద అందరూ ఉండగా వాన దబదబా కురిసింది. ఒళ్ళో పిల్లవాడితో సత్యవతి వాకిట్లో దండెంకేసి చూసి నవ్వేసింది.

"ఏటీ పిచ్చివాన! ఆరేసినవన్నీ తడిపేసింది!"

అరుగు బిగుసుకుపోయింది. మాణిక్యాంబగారు పిల్లవాడిని లాక్కున్నారు. వరహాలమ్మ వానలోనే వెళ్ళి నూతికి అడ్డంగా నిలబడింది. జానకీరామయ్యగారు రైలు ఎన్నింటికో వాకబు చేశారు.

"ఏటన్నానండి? వాననే కదా అన్నాను" అంది సత్యవతి. చాపిన చేతులు అలాగే ఉండిపోయాయి. "పిల్లణ్ణి ఇయ్యండత్తయ్యా."

ఎవరూ ఇవ్వలేదు. కోర్టు నుంచి తడిసి వస్తూ అంతా విన్న కూర్మారావు అరుగు ముందు నిలబడి అందరినీ చూశాడు. తల్లి చేతుల్లోంచి పిల్లవాడిని తీసుకుని భార్య ఒళ్ళో పెట్టాడు.

"పిచ్చివానే" అన్నాడు. "నా గొడుగూ ఇరిగిపోయింది." ఆమె పక్కన కూర్చుని తల తుడుచుకున్నాడు. కాపలా కూర్చోలేదు, వానకేసి చూస్తూ కూర్చున్నాడు.

ఇన్నాళ్ళూ నోళ్ళలో మగ్గిన మాటకు ఆ సాయంత్రమే విముక్తి కలిగింది. అరుగు దిగకముందే పేటవాళ్ళు ఏకగ్రీవంగా తీర్మానించారు: కూర్మారావుకు పిచ్చి. అతను చేసింది సబబేనని పాఠకులలో ఎవరికైనా తోస్తే, వారి గురించి కూడా లంజిపల్లిలో అభిప్రాయం సిద్ధంగా ఉందని సవినయంగా మనవి.