కుడి పేజీల అభివృద్ధి

మాచర్ల సభలో ఎమ్మెల్యే బ్రహ్మయ్య గారు చారిత్రక ప్రకటన చేశారు. నాలుగేళ్లలో తాను సాధించిన అభివృద్ధిని అరవై నాలుగు పేజీల పుస్తకంగా ప్రజల చేతిలో పెడతారట. అభివృద్ధి ఎంతో తేలకముందే పేజీలు ఎన్నో తేల్చడం ఆయన దూరదృష్టి.

పుస్తకం పని నరసరావుపేటలో డిజైనర్ సుకన్యకు వచ్చింది. పన్నెండేళ్లుగా ఆమె చేస్తున్నది ఫ్లెక్సీలు. ఫ్లెక్సీలో జానెడు ఖాళీ కనబడితే చాలు, ఎవరో నాయకుడి బావమరిది ఫొటో వచ్చి కూర్చునేది. అందుకే పుస్తకం అనగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఎడమ పేజీలో శంకుస్థాపన, దానికెదురుగా కుడి పేజీలో పూర్తయిన పని! పేజీ తిప్పిన ప్రతిసారీ అభివృద్ధి కళ్లకు కట్టాలి.

పీఏ ఇలియాస్ పెన్‌డ్రైవ్ తెచ్చాడు. అందులో శంకుస్థాపన ఫొటోలు ముప్పై ఒకటి ఉన్నాయి.

"పూర్తయినవాటి ఫొటోలేవి?" అంది సుకన్య.

"ఏంది పూర్తయ్యేది?"

"వంతెన, ఆసుపత్రి, మంచినీళ్ల ట్యాంకు..."

"ఫొటోగ్రాఫర్ని కొబ్బరికాయ కొట్టేదాకే మాట్టాడుకున్నాం అక్కా."

పేజీలు తగ్గించడానికి లేదు, సభలో చెప్పేశారు. సుకన్య కుడి పేజీలన్నీ ఖాళీగా వదిలేసి, ప్రూఫు పట్టుకుని వెళ్లింది. ఈ పని పోతే మళ్లీ బావమరుదులే గతి.

ఎమ్మెల్యే గారు పేజీలు తిప్పారు. "ఏందమ్మా, సగం పుస్తకం తెల్లగుంది?"

"వైట్ స్పేస్ అంటారండీ. మీ ఫొటో చూశాక చదివేవాళ్లు కాసేపు ఆగి ఆలోచిస్తారు."

"ఏమని?"

"అది... వాళ్ల ఇష్టమండీ."

ఆయన ఇంకో తెల్ల పేజీ తిప్పారు. "చానా బాగుంది! అవతలి పార్టీవాళ్లు అబద్ధాలు అచ్చేస్తారు. మనం అదీ వెయ్యలా."

పదివేల కాపీలు వారంలో అయిపోయాయి. జనం ఆఫీసు ముందు బారులు తీరారు. "ఇంకోటి ఇయ్యన్నా, మా ఇంట్లో ఇద్దరు పిల్లలు" అని ఇలియాస్‌ను బతిమాలారు. ఇంత పఠనాసక్తికి కారణమేమిటో ఎమ్మెల్యే గారికి అంతుపట్టలేదు.

అంతలో గురజాల వైపు ఒక బడి నుంచి హెడ్మిస్ట్రెస్ ఫిలోమినా గారి ఉత్తరం వచ్చింది. ఎమ్మెల్యే గారు సుకన్యను పిలిపించి పైకి చదవమన్నారు.

"అయ్యా, మీ పుస్తకంలో కాగితం మందంగా ఉంది, ఇంకు ఊరడం లేదు. పిల్లల చేత కుడి పేజీల్లో లెక్కలు చేయిస్తున్నాం. వచ్చే ముద్రణలో ఎడమ పేజీల్లో ఫొటోలు కూడా తీసేయించగలిగితే, ఆ చోటు సైన్సుకు సరిపోతుంది."

సుకన్య ఉత్తరం మడిచింది.

ఎమ్మెల్యే గారి కళ్లు చెమర్చాయి. "చూశావా ఇలియాసూ? విద్యారంగంలో విప్లవం తెచ్చాం. అమ్మా, ఈ ఉత్తరం కూడా పుస్తకంలో వెయ్యి."

"ఇది పూర్తయిన పనండీ," అంది సుకన్య మెల్లగా. "కుడి పేజీలో వేయాలి."

"వద్దొద్దు," అన్నారాయన కంగారుగా. "పిల్లలకి చోటు తగ్గుద్ది."