కీలుకు మేలు

ఇంతవరకు ఏ ప్రభుత్వానికీ రాని ఆలోచన తమ ప్రభుత్వానికి వచ్చిందని ఆరోగ్య మంత్రిగారు మైకు ముందు ప్రకటించారు. ఆ ఆలోచన పేరు 'కీలుకు మేలు'. ప్రాస కుదిరినందుకు వేదిక మీదివాళ్లంతా లేచి చప్పట్లు కొట్టారు. పేరు ముందు పెట్టి, దాని కింద ఏ జబ్బు పడుతుందో తర్వాత వెతికారని గిట్టనివాళ్లు అంటారు. నేను నమ్మను. మూడో వరసలో కూర్చుని స్వయంగా విన్నవాణ్ణి.

మా వదినకు రెండేళ్లుగా ఆ జబ్బు ఉన్నా అదేమిటో నాకు సరిగ్గా తెలియదు. మంత్రిగారు ఒక్క నిమిషంలో తెలియజెప్పారు.

"మన ఒంట్లో రోగాలతో పోరాడే సైన్యం ఒకటుంటుంది. దానికే తిక్క పుట్టి సొంత కీళ్ల మీద పడితే వేళ్లు వాస్తాయి, మణికట్లు బిగుస్తాయి, మోకాళ్లు మొరాయిస్తాయి. కాపలా కాయాల్సినవాళ్లే ఇంట్లోవాళ్లను కుళ్లబొడవడమా? మేం అధికారంలో ఉండగా సాగనివ్వం!"

బందోబస్తుకు నిలబడ్డ పోలీసులు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. ఈ జబ్బు మందు చాలా ఖరీదనీ, ఇకమీదట ఆ ఖర్చంతా ప్రభుత్వానిదేననీ చెప్పి, మంత్రిగారు అందరినీ పిడికిలి బిగించి జై కొట్టమన్నారు. నా పక్కన కూర్చున్న వదిన కూడా బిగించింది. రెండు నెలల కిందటైతే ఆ పిడికిలి సగంలోనే ఆగిపోయేది.

వదిన బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది. అన్నయ్య గుండీలు, కాజాలు చూసుకుంటాడు. ఒక పొద్దున్న కత్తెర పట్టుకోబోతే వదిన వేళ్లు మూతపడలేదు. ఏవేవో తైలాలు రాసి, ఎవరెవరి దగ్గరికో తిరిగి, చివరికి కీళ్ల డాక్టరు దగ్గరికి చేరాం. మామూలు మాత్రలు లొంగదీయలేకపోయాక ఆయన రెండు వారాలకొకసారి వేసుకోవలసిన సూదిమందు రాశారు. ధర చెబుతుంటే అన్నయ్య ఫోన్ నంబరు అనుకుని రాసుకున్నాడు. డాక్టరుగారు జాలిపడి తన దగ్గరున్న శాంపిళ్లు నాలుగు ఇచ్చారు. మందు పనిచేసింది. వదిన మళ్లీ మిషను తొక్కింది. సరిగ్గా నాలుగో సూది అయిపోయిన వారంలో మంత్రిగారికి ఆలోచన వచ్చింది. ఆయన మంచితనం గురించి ఇంతకంటే ఏం చెప్పాలి?

మర్నాడే పథకం ఆఫీసుకు వెళ్లాం. ఆఫీసరుగారు పద్నాలుగు పేజీల దరఖాస్తు చేతికిచ్చి, "రోగి స్వహస్తంతో నింపాలి," అన్నారు.

"వేళ్లు పనిచేయనివాళ్లు ఎలా నింపుతారండీ?" అడిగింది వదిన.

"నింపలేరమ్మా."

"నింపగలిగితే?"

"జబ్బు లేనట్టే కదా!"

"మరి పథకం ఎవరికండీ?"

"అర్హులకు," అన్నారాయన చిరునవ్వుతో. అంత చిన్న జవాబులో అంత పాలసీ ఇమిడ్చినవాణ్ణి నేను చూడలేదు.

వదిన రెండు రోజులు కూర్చుని నింపింది. 'జబ్బు ఎవరి ప్రోద్బలంతో వచ్చింది' అన్న గడిలో 'సొంత సైన్యం' అని రాసింది. ఆ మాటకు సంతోషించి ఆఫీసరుగారు ఆమెను మెడికల్ బోర్డుకు పంపారు.

మెడికల్ బోర్డు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు ఉంది గానీ దాని తలుపుల మీద మంత్రిగారి నిలువెత్తు బొమ్మ అంటించారు. తలుపులు తెరుచుకుంటే మంత్రిగారు రెండు ముక్కలవుతారని లిఫ్టు ఆపేశారు. మెట్లెక్కి వచ్చినవాళ్లలో చాలామందిని 'మెట్లు ఎక్కగలరు' అని రాసి పంపేశారు. ఎక్కలేక కింద కూర్చున్నవాళ్లను 'గైర్హాజరు' అని రాశారు. పని ఎంత చకచకా జరిగిందంటే, పన్నెండు గంటలకల్లా బోర్డు భోజనానికి లేచే దశకు వచ్చింది.

బోర్డు పెద్ద డాక్టరు వదిన చేతులు తిప్పి చూసి పెదవి విరిచారు. "వాపేదమ్మా?"

"మందు వాడానండీ. అందుకే తగ్గింది."

"తగ్గిన జబ్బుకు మందెందుకు?"

"ఆపితే మళ్లీ వస్తుందని మా డాక్టరుగారు చెప్పారండీ."

"అయితే వచ్చాకే రండి."

ఆపడానికి మా దగ్గర మందు మిగిలి ఉంటే కదా! ఊరికే ఎదురుచూశాం. మూడు వారాలకు మణికట్లు వాచాయి. ఆరో వారానికి వదిన పొద్దున్నే మంచం దిగడానికి గంట పట్టేది. గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా జారిపోయేది. అన్నయ్య జీవితంలో మొదటిసారి జడ వేశాడు. అద్దంలో చూసుకుని వదిన, "ఇది జడా, కాజానా?" అంది. నవ్వితే దవడ కూడా నొప్పి పుడుతోందని ఆరోజే తెలిసింది. కత్తిరించి పెట్టిన యూనిఫాం ముక్కలు మిషను పక్కన అలాగే పడి ఉన్నాయి. బడివాళ్లు రెండుసార్లు వచ్చి అడిగి, మూడోసారి ముక్కలు తీసుకుని వెళ్లిపోయారు. ఆ సంచి గుమ్మం దాటుతుంటే వదిన గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు నన్ను పిలిచింది. "ఏమయ్యా మరిదీ, ఇప్పుడు బాగా అర్హురాల్నయ్యాను. పదండి, చూపించుకొద్దాం."

కుర్చీలో కూర్చోబెట్టి, ముందు అన్నయ్య, వెనక నేను, మూడు అంతస్తులూ మోశాం. బోర్డు పెద్ద డాక్టరు ఆనందం పట్టలేకపోయారు.

"ఇంత స్పష్టమైన వాపు నా సర్వీసులో చూడలేదు!" అని మిగతా ఇద్దరు డాక్టర్లనూ పిలిచి చూపించి, దరఖాస్తు మీద ఆయనే స్వయంగా ముద్ర వేశారు. వదిన ఆ పథకానికి మొట్టమొదటి లబ్ధిదారురాలైంది. దారిలో కనబడిన వాళ్లందరికీ అన్నయ్య ఆ కాగితం చూపించాడు.

మందు అందజేసే సభకు ముందు మంత్రిగారి పీఏ వచ్చి వదినను పరిశీలించాడు. అతని ముఖం వాడిపోయింది.

"ఇలా ఉంటే ఎలాగండీ? పథకం అందుకున్న మనిషి కళకళలాడాలి."

"ఇంకా అందలేదు కదండీ," అన్నాడు అన్నయ్య.

"మంత్రిగారు మళ్లీమళ్లీ వస్తారా? 'ముందు', 'తర్వాత' రెండు ఫోటోలూ ఇవాళే అయిపోవాలి."

పీఏ సమర్థుడు. అరగంటలో ఒక మహిళా వాలీబాల్ కోచ్‌ను పట్టుకొచ్చి, వదిన కట్టుకున్న రంగు బట్టలే కట్టించాడు. వేదికకు ఎడమవైపు 'ముందు' అన్న బోర్డు కింద వదిన, కుడివైపు 'తర్వాత' అన్న బోర్డు కింద కోచ్. మంత్రిగారు సూదిమందు పెట్టెను కోచ్‌కు అందించారు. ఆమె కృతజ్ఞతతో అడుగున్నర ఎత్తు ఎగిరింది. జనం ఈలలు వేశారు. ఆ ఉత్సాహంలో మంత్రిగారు ఎడమవైపు వచ్చి వదిన చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపారు. వదిన కెవ్వుమంది. 'ముందు' ఫోటోలన్నిటిలోకీ అదే బాగా వచ్చింది.

సభ అయ్యాక పెట్టె ఏదని అడిగాను. పక్క ఊళ్లో కూడా ప్రారంభోత్సవం ఉందనీ, ఐసులో పెట్టి పంపించేశామనీ పీఏ చెప్పాడు. మీది రేపు ఆఫీసులో తీసుకోండన్నాడు.

మర్నాడు ఆఫీసరుగారు వదినను చూసి లేచి నిలబడ్డారు. "కంగ్రాచ్యులేషన్సమ్మా! ఒకరు చేరారు, ఒకరు కోలుకున్నారు. నూటికి నూరు శాతం. ఇలాంటి ఫలితం ఏ పథకానికీ లేదు."

"నేను కోలుకోలేదండీ," అంది వదిన కుర్చీలోంచి.

"మీకు తెలియదమ్మా. రిజిస్టర్లో మీరు 'తర్వాత' గడిలోకి వెళ్లిపోయారు. నయమైనవాళ్లకు మందిస్తే ఆడిట్‌వాళ్లు నన్ను బతకనిస్తారా?"

ఆఫీసు మెట్ల దగ్గర వదిన ఏడ్చింది. ఈ జబ్బు వచ్చాక ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. కళ్లు తుడుచుకోబోతే చెయ్యి ముఖం దాకా లేవలేదు. అన్నయ్య తుడిచాడు.

అక్కణ్ణించి నేరుగా కీళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన రాలేదు. నర్సు ఉంది. కథంతా విని, "ఇన్నాళ్లూ నన్నెందుకు అడగలేదు?" అని కసిరింది.

"ప్రభుత్వమే ఇస్తుందన్నారని..."

ఆమె సొరుగులోంచి ఒక కాగితం తీసింది. ఒకే పేజీ. కొనుక్కోలేని రోగులకు మందు ఉచితంగా పంపే విభాగం ఆ మందు తయారుచేసే కంపెనీలోనే ఉందట. వివరాలన్నీ నర్సే అడిగి అడిగి రాసుకుంది. వదిన బొటనవేలు ముద్ర వేసింది. టీ చల్లారేలోపు పని అయిపోయింది.

పన్నెండో రోజు ఇంటికి ఐసుపెట్టె వచ్చింది. పైన ఎవరి బొమ్మా లేకపోవడంతో, లోపల మందుంటుందా అని అన్నయ్య అనుమానపడ్డాడు. ఉంది. ఏడాది వరకు వస్తుందనీ, తర్వాత మళ్లీ రాద్దామనీ నర్సు ఫోన్ చేసి చెప్పింది.

మూడు నెలలు తిరిగేసరికి వదిన మిషను మోత వీధి చివరికి వినబడసాగింది. వెళ్లిపోయిన యూనిఫాంలు రాలేదు గానీ, వేరే బడివాళ్లవి వచ్చాయి.

ఒక మధ్యాహ్నం పీఏ మా ఇంటి ముందుగదిలోని కుట్టు దుకాణంలోకి వచ్చాడు. కారు వీధి మొదట్లోనే ఆపి నడిచొచ్చాడు. మందు మీద ఏదో మెలిక పెట్టడానికే వచ్చాడని అన్నయ్య మందున్న ఫ్రిజ్‌కు అడ్డంగా నిలబడ్డాడు. పీఏ మాత్రం తలుపు దగ్గరగా వేసి, స్టూలు లాక్కుని వదిన ఎదుట కూర్చున్నాడు.

"అమ్మా, మీకు మందు తెప్పించిన నర్సమ్మ ఏ రోజుల్లో ఉంటుందండీ?"

"ఎందుకండీ?"

"మా ఆవిడకు నెలరోజులుగా వేళ్లు వాస్తున్నాయి. ఇదేనన్నారు. మా జీతాలకు ఆ మందు కొనగలమా?"

వదిన మిషను ఆపింది. "అయ్యో, పథకం ఉందిగా? మీ చేతిలో పనే కదండీ?"

పీఏ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఊరుకోండమ్మా. మా ఆవిడది నిజం జబ్బు."