రెండంగుళాల అబద్ధం

ఆ రోజు పొద్దున సెంటర్ గారి కార్యక్రమం చాలా తేలిక. తొమ్మిదింటికి స్నానం, పదింటికి ఇస్త్రీ చొక్కా, పదకొండింటికి ఆటల హాల్లో తన బొమ్మ ఆవిష్కరణ, ఒంటిగంటకు భోజనం, ఆ పైన నిద్ర. ఒకే క్లబ్బు తరఫున ఇరవై రెండేళ్ళు బాస్కెట్‌బాల్ ఆడి, రింగు కింద సెంటర్‌గా నిలబడిన మనిషికి అరవై మూడో ఏట అంతకన్నా ఏం కావాలి? ఊళ్ళో ఆయన అసలు పేరు పోస్ట్‌మన్‌కి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన సెంటర్ గారే.

ఏడు గంటలకు కాఫీ తాగుతూ ఆహ్వాన పత్రిక మరోసారి చదువుకున్నారు. చదవకుండా ఉంటే బాగుండేది. "మన ఏడడుగుల సెంటర్ గారి నిలువెత్తు చెక్కబొమ్మ" అని ఉంది అందులో. వారం రోజులుగా ఆ ముక్క చూసి మురిసిపోతూనే ఉన్నారు గానీ, నిలువెత్తు అంటే ఎంతెత్తు అన్న ఆలోచన ఆ పొద్దున్నే తట్టింది. కాఫీ గొంతుకు అడ్డం పడింది.

ఎందుకంటే ఆయన ఏడడుగులు కాదు. ఏనాడూ కాదు.

ఈ రహస్యానికి నలభై నాలుగేళ్ళు. పంతొమ్మిదో ఏట క్లబ్బులో చేరడానికి వచ్చినప్పుడు అప్పటి మేనేజరు ఆయన్ను గోడకు ఆనించి కొలిచాడు. ఆరడుగుల పదంగుళాలు వచ్చింది. మేనేజరు ఆ అంకె వంక కాసేపు దిగులుగా చూసి, "ఆరూ పదీ అంటే ఎవడు భయపడతాడయ్యా? ఏడు రాస్తున్నాను. నువ్వు కాస్త నిటారుగా నడువు" అన్నాడు. కుర్రాడు నిటారుగా నడిచాడు. అప్పట్నుంచి మ్యాచ్ పుస్తకాల్లో ఏడు, పేపర్లలో ఏడు, మైకులో ఏడు. ఆ రెండంగుళాలను కాపాడుకోవడానికి సెంటర్ గారు పడ్డ పాట్లు రింగు కింద పడ్డ పాట్లకేమీ తీసిపోవు. బూట్లలో రెండేసి అట్టలు పెట్టుకునేవారు. ఎవరి పక్కనా చెప్పుల్లేకుండా నిలబడేవారు కాదు. కట్టుకున్న భార్యకు కూడా ఈ సంగతి చెప్పలేదు. ఇప్పుడు వయసు తన వంతుగా మరో అంగుళం లాగేసుకుంది.

పోనీ, ఊళ్ళోవాళ్ళు నవ్వితే నవ్వారని ఊరుకోవచ్చు. ఆయన గుండెలో గుచ్చుకున్న ముల్లు వేరే. బొమ్మ మీది గుడ్డ లాగడానికి వస్తున్నది గోడ. గోడ అంటే అవతలి క్లబ్బు సెంటరు. ఆటగాళ్ళు పెట్టిన పేరు అది. ఇద్దరూ ఇరవై రెండేళ్ళు ఒకరి పక్కటెముకల్లో ఒకరు మోచేతులు పెట్టుకుని బతికారు. ఒక ఏడాది దేశం జట్టులో సెంటరు చోటు ఒక్కటే మిగిలితే, అది ఏడడుగుల మనిషికి వచ్చింది, గోడకు రాలేదు. ఆ చోటు తన ఆటకు వచ్చిందో, మేనేజరు రాసిన అంకెకు వచ్చిందో సెంటర్ గారికి ఈనాటికీ తెలియదు. ఇప్పుడు ఏడడుగుల బొమ్మ పక్కన ఆరూ తొమ్మిది మనిషి నిలబడతాడు. గోడ చూస్తూ ఉంటాడు. పైగా ఫోటో తీస్తారు.

క్లబ్బు సెక్రటరీకి ఫోన్ చేశారు.

"బొమ్మ ఎత్తు ఎంత పెట్టారండీ?"

"మీ ఎత్తే సార్. అంగుళం తేడా వచ్చినా ఒప్పుకోనని చెప్పాను" అన్నారు సెక్రటరీ గర్వంగా.

ఇక మిగిలింది చిట్టి. అయిదడుగుల అయిదంగుళాల చిట్టి పాతికేళ్ళ వయసు నుంచి సెంటర్ గారికి బంతులు అందించిన మనిషి, సెంటర్ గారి లెక్కలో ఈ లోకంలో ఆయన అసలు ఎత్తు తెలిసిన ఒకే ఒక్కడు. ఆట మానేశాక వడ్రంగం నేర్చుకుని నాలుగు కుర్చీలు చేశాడు. వాటిలో రెండింటి మీద కూర్చోవచ్చు.

"మూడంగుళాలేగా. నా దగ్గర రంపం ఉంది" అన్నాడు చిట్టి.

"బొమ్మని కోస్తావా?"

"నిన్ను సాగదీయడం కన్నా అదే తేలిక."

గుమ్మం దగ్గర తల వంచి బయటకు దూరుతుంటే లోపల్నుంచి భార్య అడిగింది. "ఇంత పొద్దున్నే ఎక్కడికండీ?"

"హాలు ఒకసారి చూసొద్దామని."

"చూసి రండి. పదింటికల్లా ఇంట్లో ఉండాలి, చొక్కా రెడీగా పెడతాను" అంది ఆవిడ. ఆ గొంతులో మురిపెం విని సెంటర్ గారికి ఇంకాస్త సిగ్గేసింది.

వాచ్‌మన్ తలుపు తీశాడు. లోపల అడుగుపెట్టగానే ఇద్దరూ వచ్చిన పని మరిచిపోయారు. వార్నిషు, రబ్బరు, ఎవరెవరివో పాత చెమటలు, అన్నీ కలిసిన ఆ వాసన ఏమాత్రం మారలేదు. ఎడమవైపు రింగు కింద ఒక పలక కొద్దిగా కుంగి ఉంటుంది. ఎగిరి బంతి పట్టుకుని సెంటర్ గారు కిందికి దిగింది అక్కడే, వేలసార్లు. ఆయన వెళ్ళి దాని మీద నిలబడ్డారు.

"నేను బంతి విసిరితే చూడకుండానే పట్టేవాడివి" అన్నాడు చిట్టి.

"నువ్వు ఎటు విసురుతావో నాకు తెలుసు కదరా."

"నాకే తెలిసేది కాదు."

పాయింట్లు వేసినవాళ్ళ పేర్లు పేపర్లో వచ్చేవి. సెంటరు పని దారికి అడ్డంగా నిలబడి దెబ్బలు తినడం, బోర్డుకు తగిలి తిరిగొచ్చే బంతిని నలుగురి మధ్య నుంచి లాక్కుని ఇంకొకరి చేతిలో పెట్టడం. ఆయన కుడిచేతి వేళ్ళలో మూడు విరిగి అతికినవే. మిగతా రెండింటికన్నా ఆ మూడంటేనే ఆయనకు ఇష్టం. మళ్ళీ ఒక్క మ్యాచ్, పోనీ ఒక్క పావుగంట ఆడనిస్తే చాలుననిపించి కళ్ళు చెమర్చాయి.

"ముందు కాళ్ళు కోద్దాం, తర్వాత ఏడుద్దాం" అన్నాడు చిట్టి.

బొమ్మ హాలు మధ్యలో తెల్లగుడ్డ కప్పుకుని నిలబడి ఉంది. మెడ దగ్గర రిబ్బను ముడి, ముడి మీద లక్క ముద్ర. సెక్రటరీ గారు దేనికైనా సీలు వేయందే నిద్రపోరు. కాబట్టి పైన విప్పడానికి లేదు. సెంటర్ గారు బూట్లు విప్పి పక్కన నిలబడ్డారు. గుడ్డ కింద బొమ్మ తల ఆయన బట్టతల కన్నా సరిగ్గా మూడంగుళాలు పైకి ఉంది. అనుమానం తీరిపోయింది.

కిందివైపు గుడ్డ ఎత్తి చూస్తే చెక్కబూట్లు ఒక పలకకు బిగించి ఉన్నాయి. బూట్ల పైన కోసి, కాళ్ళలో మూడంగుళాలు తీసేసి, మళ్ళీ బూట్ల మీద మేకులతో, జిగురుతో నిలబెట్టాలని చిట్టి పథకం. సెంటర్ గారు బొమ్మను కావలించుకుని పైకెత్తి పట్టుకున్నారు. చిట్టి గుడ్డలోకి దూరి రంపం ఆడించాడు. దించి చూస్తే బొమ్మ ఎడమకు ఒరిగింది.

"కుడికాలు కాస్త ఎక్కువుంది. ఎత్తు" అన్నాడు చిట్టి. కుడికాలు కోశాడు. ఈసారి కుడికి ఒరిగింది. ఎడమకాలు కోశాడు. బొమ్మ ముందుకు వంగింది, ఎవరికో నమస్కారం పెడుతున్నట్టు. మళ్ళీ ఎత్తారు.

సరిగ్గా అప్పుడు, టీ కావాలేమో అడుగుదామని వాచ్‌మన్ తలుపు దగ్గర తల పెట్టాడు. గుడ్డలో ఉన్న చిట్టి అతనికి కనిపించలేదు. కనిపించిందల్లా, సెంటర్ గారు తన బొమ్మను గుండెలకు హత్తుకుని ముందుకీ వెనక్కీ ఊగిపోవడం. రంపం చప్పుడు ఆ ఖాళీ హాల్లో అచ్చం వెక్కిళ్ళలా వినిపించింది. వాచ్‌మన్‌కి దుఃఖం ఆగలేదు. చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్ళి సెక్రటరీకి ఫోన్ చేశాడు.

"పెద్దాయన బొమ్మను పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నారు సార్. నా కళ్ళారా చూశాను."

సెక్రటరీ ఆ ముక్కను సెంటర్ గారి భార్యకు చేరవేసేటప్పటికి అది "బాగా దిగులుపడ్డారటండీ, మీరొస్తే మంచిది" అయింది. ఆవిడ బీపీ మాత్రలు తీసుకుని బయల్దేరింది. గోడకు చేరేటప్పటికి "పదకొండు దాకా ఆగితే ఏమవుతుందో చెప్పలేం" అయింది. గోడ ఆసుపత్రికి వెళ్ళే మనిషిలా పళ్ళ సంచి పట్టుకుని కారెక్కాడు. బొమ్మ చెక్కిన అమ్మాయికీ, పేపరువాళ్ళకూ, పాత ఆటగాళ్ళకూ కబురు వెళ్ళింది. ఎవరి దగ్గరికి వెళ్ళినా ఆ కబురు కొంచెం ఒళ్ళు చేసింది.

హాల్లో బొమ్మ మాత్రం చిక్కిపోతూ ఉంది. ఆరోసారి దించాక ఎట్టకేలకు తిన్నగా నిలబడింది. చిట్టి చెమట తుడుచుకుని వెనక్కి జరిగి చూశాడు. బొమ్మ తల సెంటర్ గారి గడ్డం దాకా కూడా రాలేదు.

"సరిపోయింది" అన్నాడు చిట్టి. మరోసారి చూసి, "కొంచెం ఎక్కువే సరిపోయింది" అన్నాడు.

"కోసిన ముక్కలు మళ్ళీ అతికించు."

"ఏది ఏ కాలిదో తెలియడం లేదురా."

బయట కార్ల చప్పుడు. ఒకటి కాదు, అయిదారు. చిట్టి ముక్కలన్నీ బంతుల సంచిలో తోసేసి, రంపం చొక్కా వెనక దోపుకున్నాడు. దాని వల్ల జీవితంలో మొదటిసారి నిటారుగా నిలబడ్డాడు. సెంటర్ గారు బూట్లు వేసుకునేలోపే హాలు నిండిపోయింది.

"ఎలా ఉందండీ?" అంటూ భార్య వచ్చి చెయ్యి పట్టుకుంది.

"నాకేమైంది?"

"ఏమీ కాలేదు, మీరు కంగారుపడకండి" అన్నారు సెక్రటరీ, పసివాడితో మాట్లాడుతున్నట్టు. "అంతా ఇప్పుడే కానిచ్చేద్దాం."

"ఇప్పుడొద్దండీ" అన్నారు సెంటర్ గారు. ఆ మాట వణికింది. అది విని అందరికీ ఇంకా జాలేసింది. గోడ పళ్ళ సంచి పక్కన పెట్టి, వచ్చి ఆయన భుజం నొక్కి, వెళ్ళి సీలు పగలగొట్టి రిబ్బను లాగాడు.

గుడ్డ జారింది. ముందు ముఖం కనిపించింది. ఇరవై అయిదేళ్ళ ముఖం, ఇంకా ఏ మోచెయ్యీ తగలని ముక్కు, మ్యాచ్ మొదలవబోతున్నప్పుడు పైకి చూసే చూపు. ఆ ముఖం మీద ఒత్తుగా, పొంగిన పాలలా లేచి నిలబడ్డ జుట్టు. ఆ రోజుల్లో ఆయనకు అంత జుట్టు ఉండేది. దువ్వెనలు విరిగేవి. సెంటర్ గారు కాసేపు ఆ జుట్టునే చూస్తూ ఉండిపోయారు, ఎప్పుడో తప్పిపోయిన మనిషి ఎదురైనట్టు. ఆ తర్వాత గుడ్డ పూర్తిగా కిందపడి, మోకాళ్ళకూ బూట్లకూ మధ్య ఇంచుమించు ఏమీ లేని కాళ్ళు అందరికీ కనిపించాయి.

ఫోటోలు తీసే మనిషి కెమెరా దించేశాడు.

"ఎవరు చేశారీ పని?" అన్నారు సెక్రటరీ.

చిట్టి నోరు తెరవబోయాడు. సెంటర్ గారు అతనికి అడ్డంగా వచ్చి నిలబడ్డారు. ఆ పని ఆయనకు బాగా అలవాటు.

"నేనే. నేను ఏడడుగులు కాదండీ. ఎప్పుడూ కాదు. పంతొమ్మిదేళ్ళప్పుడు కొలిస్తే ఆరూ పది. బొమ్మ పక్కన నిలబడితే బయటపడిపోతుందని కోయించాను." గోడ వైపు తిరిగారు. "ఆ ఏడాది దేశం జట్టులో చోటు నీదేనేమో. రెండంగుళాలు దొంగతనంగా పెట్టుకుని నేను వెళ్ళాను."

గోడ ఏమనేలోపే, బొమ్మ చెక్కిన అమ్మాయి ముందుకొచ్చింది. "కానీ నేను చెక్కింది ఆరూ పదేనండీ. పైన రెండంగుళాలు జుట్టు."

"ఆరూ పదని నీకెవరు చెప్పారమ్మా?"

అమ్మాయి సెంటర్ గారి భార్య వైపు చూసింది. ఆవిడ మాత్రల డబ్బా సంచిలో పెట్టుకుంటోంది.

"ఏడడుగుల కొలత చెప్పి మీరు కుట్టించుకునే ప్యాంట్లకు ముప్పై ఆరేళ్ళుగా అంచులు మడిచి కుడుతున్నది ఎవరనుకున్నారు?" అంది. "పెళ్ళయిన నెలకే తెలుసు నాకు."

"మరి ఒక్కసారైనా అనలేదేం?"

"మీరంత ముచ్చటగా నిటారుగా నడుస్తుంటే అనబుద్ధి కాలేదండీ. బాగుండేవారు."

సెంటర్ గారికి మళ్ళీ కళ్ళు చెమర్చాయి. ఈసారి దాచుకోలేదు. తాను చెప్పింది అబద్ధం కాదని రుజువు చేసుకున్న వాచ్‌మన్ తలుపు దగ్గర నిలబడి అందరికన్నా ముందు ముక్కు తుడుచుకున్నాడు.

గోడ మెల్లగా కుర్చీలో కూర్చుని రెండు మోకాళ్ళూ పట్టుకున్నాడు. "ఆ చోటు సంగతి వదిలెయ్. ఆ ఏడాది బోర్డు కింద బంతులు ఎవరెన్ని పట్టారో నేనే లెక్క చూసుకున్నాను. నీకన్నా చాలా వెనకున్నాను. నెల రోజులు నీ మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. ఇప్పుడొస్తోంది. ఎదురుగా ఉన్నవాడు ఏడడుగులని నమ్మి ప్రతి మ్యాచ్‌లోనూ రెండంగుళాలు ఎక్కువ ఎగిరాను. ఇరవై రెండేళ్ళు. ఈ మోకాళ్ళు రెండూ డాక్టర్లు కొత్తగా వేసినవే."

"క్షమించు" అన్నారు సెంటర్ గారు.

"క్షమించడానికేముంది? అలా ఎగిరాను కాబట్టే మా క్లబ్బువాళ్ళు నన్ను అన్నేళ్ళు ఉంచుకున్నారు. లేకపోతే నాలుగేళ్ళకే ఇంటికి పంపేవాళ్ళు." పళ్ళ సంచిలోంచి ఒక పండు తీసి సెంటర్ గారి చేతిలో పెట్టాడు. ఇన్నేళ్ళలో గోడ సెంటర్ గారికి తనంతట తానుగా ఇచ్చిన మొదటి వస్తువు అది.

కొత్త కాళ్ళు చెక్కి పెడతానంది అమ్మాయి. సెంటర్ గారు వద్దన్నారు. ఇన్నేళ్ళూ జనం తలెత్తి చూశారు, ఇకనుంచి సూటిగా చూస్తే చాలన్నారు. సెక్రటరీకి మాత్రం ఒక చిక్కు మిగిలింది. బొమ్మ కింద బిగించాల్సిన బోర్డు మీద ఎత్తు రాసే చోటు ఖాళీగా ఉంది. పెన్ను తీసి నిలబడ్డారు.

"ఎంత రాయమంటారు సార్?"

సెంటర్ గారు నిజం చెప్పడం అలవాటు చేసుకుందామని "ఆరూ..." అన్నారు.

"ఏడు రాయండి" అంది భార్య.

"ఏడే" అన్నాడు గోడ, మోకాళ్ళు తడుముకుంటూ. "ఆ మిగతా రెండంగుళాలూ నేను ఎగిరినవి."

బొమ్మ ఇప్పటికీ ఆ హాల్లోనే ఉంది. జుట్టుతో కలిపి అయిదడుగుల పదకొండంగుళాలు. కింద బోర్డు మీద ఏడడుగులని ఉంది. ఇంతవరకూ ఎవరూ టేపు అడగలేదు.