మిషన్‌కు బువ్వ

హన్మకొండ కోర్టు ముందు ఇరవై ఏళ్లుగా తెలుగు టైపు కొడుతున్న సారంగపాణి, పదిహేను రోజులుగా ఒక మిషన్‌కు భయపడి తిరుగుతున్నాడు.

పాత మిషన్ మీద అతని వేళ్లు కళ్లు మూసుకుని పరుగెత్తేవి. తీరా కొత్త మోడల్ కొంటే, అందులో అక్షరాలన్నీ ఇళ్లు మారాయి. అందుకే కొత్తది ఇంట్లో ముసుగు వేసుకుని కూర్చుంది. "జర కుదురుకోవాలె" అని భార్య కమలకు చెప్పి, పాతదాన్నే రోజూ కోర్టుకు మోశాడు.

ఆ మధ్యాహ్నం పాతది స్ప్రింగ్ తెగి ప్రాణం విడిచింది. ఎదురుగా నెక్కొండ నుంచి వచ్చిన యాకమ్మ. ఆమె వితంతు పింఛను దరఖాస్తుకు ఆ సాయంత్రం ఐదింటితో గడువు ముగుస్తుంది.

"ఫికర్ చెయ్యకు, మా ఇంటికి నడువు" అన్నాడు సారంగపాణి. ఉపాయం దారిలోనే తట్టింది.

ఇంటికి రాగానే కాగితం ముక్కల మీద పాత వరుసలో అక్షరాలు రాసి, అన్నం మెతుకులతో కొత్త మీటలకు అంటించాడు.

"ఏం చేస్తాండ్లు?" కమల అడిగింది.

"కొత్తదాన్ని పాతది చేస్తాన. ఇది ఇంజనీరింగు, నీకు సమజ్ గాదు."

"ఉప్పు డబ్బా మీద చక్కెర అని రాస్తే చాయ్ తియ్యగైతదా?"

అతను కళ్లు మూసుకుని దర్జాగా పేజీ కొట్టాడు. కమల అందుకుని చూసింది.

"దీంట్ల యాకమ్మ పేరే లేదు. అసలు మనిషి పేరే లేదు. మీటకు కాగితమైతే అంటించిండ్లు, లోపలి అచ్చు మారిందా?"

టైము నాలుగు. సారంగపాణి కాగితాలు గోకాడు. మెతుకులు మీటల సందుల్లోకి జారాయి.

"పంతులూ, నా పింఛన్ సంగతి ఇడిసి మిషన్‌కు బువ్వ తినిపిస్తానవా!" యాకమ్మ నెత్తి కొట్టుకుంది.

"పక్కకు జరుగుండ్లి" అంటూ కమల తడిగుడ్డతో మీటలు తుడిచి కూర్చుంది. ఇరవై నిమిషాల్లో దరఖాస్తు బయటికొచ్చింది. ఒక్క తప్పు లేదు.

సారంగపాణి నోరు తెరిచాడు. "నీకెట్ల వచ్చు?"

"మీరు కోర్టుకు పోంగనె రోజూ దాని ముసుగు తీసిన. మరిచిపోయేటందుకు నాకు పాతది రాదు గద!"

ఐదుకు పది నిమిషాలుందనగా ఆఫీసులో దరఖాస్తు మీద ముద్ర పడింది. యాకమ్మ పనిగట్టుకుని తిరిగొచ్చి, సారంగపాణిని దాటుకుని వెళ్లి కమల చేతులు పట్టుకుంది. "సల్లగుండు, టైపు పంతులమ్మా!"

"సల్లగుండాలె" అన్నాడు సారంగపాణి కూడా, మనస్ఫూర్తిగా. తర్వాత గొంతు తగ్గించాడు. "నాకు నేర్పుతవా?"

కమల తలలోంచి పిన్ను తీసి ఇచ్చింది. "ముందు ఒక్కో మెతుకు ఏరుండ్లి. ఏ మీట కింద ఏరితే ఆ అక్షరం బయటికి చదువుండ్లి."

"క..." అన్నాడు సారంగపాణి బుద్ధిగా.